మచ్చు సీసాల ప్రయాణము

ధాన్యము కొనువాడు బస్తానుండి గుప్పెడు గింజలు తీసి, అరచేత పోసికొని చూచును. ఆ గుప్పెడు గింజలే మచ్చు. వానిని బట్టి బస్తాలోని సరకు ఎట్టిదో అతడు గ్రహించును. కర్మాగారములలోని వాయువులకును ఇట్లే మచ్చు తీయుదురు. విశాఖపట్టణమునందలి ఉక్కు కర్మాగారము వంటి చోట్ల బొగ్గును గాలి తగులకుండ వేడిచేసి కోకుగా మార్చునపుడు ఒక వాయువు వెలువడును. అందు హైడ్రోజను, మీథేను, కార్బన్ మోనాక్సైడు మున్నగునవి కలిసియుండును. ఏది ఎంత పాలు కలదో తెలిసినగాని దానిని ఇంధనముగా చక్కగా వాడుకొనుటకు వీలుపడదు. అందుచే ఇట్టి వాయువులను కొంచెము సీసాలో పట్టి పరీక్షింతురు.

పరీక్షాశాల దూరమున నున్నచో ఆ సీసా ప్రయాణము చేయవలసియుండును. గుప్పెడు గింజలు దారిలో ఒలికినను ఎవరికిని హాని లేదు. వాయువు సంగతి అట్టిది కాదు. అనేక వాయువులకు రంగు లేదు. కొన్నింటికి వాసనయు లేదు. సీసాను మోయు కూలీకిగాని, లారీ నడపువానికిగాని లోపల నున్నదేమో కంటితో చూచి తెలిసికొనుట సాధ్యము కాదు. కన్ను చెప్పలేని దానిని సీసాపై చీటి చెప్పవలెను.

ఈ చీటి అన్ని దేశములవారికిని అర్థము కావలెనను తలంపుతో 1956లో ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘము అపాయకరమైన సరకుల రవాణాకు సంబంధించిన సిఫారసులను మొదటిసారి ప్రకటించెను. అవి పలుమార్లు సవరింపబడినవి. వాని ప్రకారము అట్టి సరకులు 9 తరగతులు. వాయువులు రెండవ తరగతికి చెందును. ఇందు మరల మూడు విభాగములు కలవు.

మండు వాయువులు మొదటి విభాగము. కొనమీద నిలబెట్టిన ఎఱ్ఱని చతురస్రములో మంట బొమ్మ వీని గుర్తు. మండనివియు, విషము కానివియు రెండవ విభాగము. ఆకుపచ్చని చతురస్రములో సిలిండరు బొమ్మ వీని గుర్తు. నత్రజని ఈ విభాగములోనిదే. అయినను మూసిన గదిలో నత్రజని నిండినచో ప్రాణవాయువు తగ్గి మనుష్యుడు ప్రాణము కోల్పోవచ్చును. విషవాయువులు మూడవ విభాగము. తెల్లని చతురస్రములో పుఱ్ఱె, అడ్డముగ రెండు ఎముకలు వీని గుర్తు.

ఒక వాయువు ఏ విభాగమునకు చెందునో ఊహవలన గాక కొలతవలన నిర్ణయింతురు. కార్బన్ మోనాక్సైడును చూడుడు. గాలితో కలిసిన మిశ్రమములో నూటికి 13 పాళ్లుగాని, అంతకు తక్కువగాని ఉన్నపుడే అంటుకొను వాయువును మండు వాయువుగా నెంచుదురు. కార్బన్ మోనాక్సైడు 12.5 పాళ్లకే అంటుకొనును. కావున ఇది మండునది. ఇక విషము మాట. గంటసేపు పీల్చిన ఎలుకలలో సగము చచ్చుటకు పది లక్షల పాళ్ల గాలిలో 5,000 పాళ్లుగాని, అంతకు తక్కువగాని చాలినచో అది విషవాయువు. దీనికి 3,760 పాళ్లే చాలును. రెండు దోషములు నున్నపుడు విషమునకే అగ్రస్థానము. అందుచే దీనిపై పుఱ్ఱె గుర్తును, దానికి తోడు మంట గుర్తును ఉండవలెను.

ఒత్తిడి లేని మచ్చులకు ప్రత్యేక సంఖ్యలు కలవు. మండు మచ్చునకు 3167, విషమును మంటయు గల దానికి 3168, విషపు మచ్చునకు 3169. సీసాను మూయునపుడు లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి సమానముగా నుండవలెను; అది 105 కిలోపాస్కళ్లను మించరాదు. గాజు లేక లోహపు సీసాలను గాలి చొరకుండ మూసి, పెట్టెలో భద్రపరచవలెను. పెట్టె ఒక్కంటికి విషము కాని మచ్చు 5 లీటర్లకు, విషపు మచ్చు 1 లీటరుకు మించరాదు.

దారిలో లారీ బోల్తాపడినదనుకొనుడు. అగ్నిమాపక దళమువారు మొదట చూచునది ఆ గుర్తునే. మంట బొమ్మ కనబడినచో నిప్పురవ్వను దరిజేరనీయరు. పుఱ్ఱె కనబడినచో జనులను దూరముగ తరలించి, గాలి వీచు వైపునుండి సమీపింతురు. చీటి తప్పైనచో వారి సాహసమే వారికి ముప్పగును. సీసాలో నేమున్నదో పంపువానికి తెలియును. దాని నెత్తుకొనువానికి తెలియదు. కావున చీటిపై నిజము వ్రాయుట పంపువాని ధర్మము.