షట్‌డౌన్ నొక్కగానే ల్యాప్‌టాప్ మూత వేస్తున్నారా?

సాయంత్రం తిరుపతిలో చిత్తూరు బస్సు కదలబోతోంది. కాలేజీ పిల్లలు షట్‌డౌన్ నొక్కి, వెంటనే మూత వేసి, ల్యాప్‌టాప్‌ను బ్యాగులో పెట్టేసి పరుగెత్తుతారు. ఇంటికొచ్చి చూస్తే బ్యాగు వేడి, బ్యాటరీ ఖాళీ. బ్యాటరీ పాడైందని అనుకుంటారు. కానీ చాలాసార్లు అసలు సంగతి వేరు. ల్యాప్‌టాప్ ఆఫ్ కాలేదు, మధ్యలోనే నిద్రపోయింది.

ఎందుకిలా అవుతుంది?

షట్‌డౌన్ నొక్కగానే విండోస్ తెరిచి ఉన్న ప్రోగ్రామ్‌లన్నీ మూసే పనిలో పడుతుంది. సేవ్ చేయని వర్డ్ ఫైల్ ఏదైనా ఉంటే, ఏం చేయమంటారని అడిగి ఆగిపోతుంది. మూత వేశాక ఆ ప్రశ్న కనబడదు. పైగా మూత వేస్తే స్లీప్‌లోకి వెళ్లేలా చాలా ల్యాప్‌టాప్‌లలో ముందే సెట్ చేసి ఉంటుంది. స్లీప్‌లో ఫైల్ ర్యామ్‌లోనే ఉంటుంది, దానికి కరెంటు కావాలి. బ్యాటరీ పూర్తిగా అయిపోతే, సేవ్ చేయని ప్రాజెక్టు పోయే ప్రమాదం ఉంది. అప్‌డేట్ జరుగుతుండగా ఇలా ఆగితే మరో తలనొప్పి.

ఏం చేయాలి?

ముందుగా ఫైళ్లు సేవ్ చేసి, ప్రోగ్రామ్‌లు మూసి, అప్పుడు షట్‌డౌన్ నొక్కాలి. స్క్రీన్ నల్లబడినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. పవర్ లైటు ఆరి, ఫ్యాన్ చప్పుడు ఆగాకే మూత వేయాలి. 'అప్‌డేట్ అండ్ షట్‌డౌన్' అని కనిపిస్తే చార్జర్ పెట్టి ఉంచాలి. బయల్దేరే తొందరలో దాన్ని నొక్కకపోవడమే మేలు.

సెట్టింగ్ కూడా మార్చుకోవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, 'చూజ్ వాట్ క్లోజింగ్ ద లిడ్ డజ్' నొక్కి, 'డూ నథింగ్' ఎంచుకుని సేవ్ చేయాలి. అప్పుడు మూత వేసినంత మాత్రాన ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లదు. అయితే షట్‌డౌన్ నొక్కడమే మరిచిపోయి మూత వేస్తే, ల్యాప్‌టాప్ బ్యాగులో పూర్తిగా ఆన్‌లోనే ఉండి ఇంకా వేడెక్కుతుంది. రాయలసీమ ఎండల్లో అది మరీ ప్రమాదం. ఇంట్లో ఒకే ల్యాప్‌టాప్‌ను నలుగురు వాడుతుంటే, ఈ మార్పు సంగతి అందరికీ చెప్పి ఉంచాలి.

షట్‌డౌన్ నొక్కడం వేరు, షట్‌డౌన్ అవడం వేరు. లైటు ఆరేదాకా ఒక్క నిమిషం ఆగితే చాలు.