వేట వేరు, నివారణ వేరు

అమెరికాలోని టెక్సాస్‌లో కుక్కలతో అడవి పందులను వేటాడించడం కొందరికి బతుకుతెరువు. డబ్బు కట్టి వచ్చినవాళ్లను గైడ్ పికప్ బండిలో పొలాలకో, పశువుల బీళ్లకో తీసుకెళతాడు. ముందు పసిగట్టే కుక్కలను వదులుతాడు. కటహూలా, బ్లాక్ మౌత్ కర్ జాతులకు ఈ పనిలో పేరుంది. మెడలో జీపీఎస్ పట్టీలతో అవి చీకట్లోకి దూసుకుపోయి, పందిని చుట్టుముట్టి, కదలనివ్వకుండా మొరుగుతూ నిలబడతాయి. మొరుగుడు ఒక్కచోట నిలిచిందంటే పంది చిక్కినట్టే. అప్పుడు పిట్ బుల్‌నో, అమెరికన్ బుల్‌డాగ్‌నో ఉసిగొల్పుతారు. కోరలు దిగకుండా దాని మెడకూ రొమ్ముకూ కెవ్లార్ కవచం తొడుగుతారు. అది చెవి కరిచి పట్టుకోగానే మనుషులు వెనక కాళ్లు పట్టి పందిని పడదోసి, ముందుకాలి వెనక నుంచి గుండెలోకి కత్తి దించుతారు. ఈ వేటను సమర్థించేవాళ్లు చెప్పే మాట ఒకటే: ఇది సరదా మాత్రమే కాదు, రైతుకు చేసే మేలు కూడా. ఆ మాట నిలుస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

రైతు కష్టంలో అబద్ధం లేదు. పంది అమెరికా ఖండపు జంతువు కాదు. 1539లో స్పానిష్ దండయాత్రికుడు హెర్నాండో డి సోటో ఫ్లోరిడాకు పందులను వెంట తెచ్చాడు. తప్పించుకున్న పెంపుడు పందులు, తర్వాతి కాలంలో వేట కోసమే తెచ్చి వదిలిన ఐరోపా అడవి పందులు కలిసిపోయి, నేడు 30కి పైగా రాష్ట్రాల్లో సుమారు 60 లక్షలయ్యాయి. ఆడపంది ఏడాది నిండకముందే ఎదకొస్తుంది. చూడి కాలం దాదాపు 115 రోజులు. ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు మామూలే. అందుకే ఏటా మూడింట రెండొంతుల పందులను తొలగిస్తే తప్ప వాటి సంఖ్య పెరగకుండా ఆగదని టెక్సాస్ నిపుణుల అంచనా. ఒక రాత్రి వేటలో దొరికేవి ఒకటో రెండో. మిగిలిన మంద చెల్లాచెదురై, కుక్కల అలికిడికి జాగ్రత్తపడటం నేర్చుకుని, పక్క రైతు చేలో దిగుతుంది. ప్రభుత్వ సిబ్బంది పద్ధతి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. విశాలమైన ఇనుప దడి కట్టి, మొక్కజొన్న ఎర వేసి, కెమెరాలో చూస్తూ మంద మొత్తం లోపలికి వచ్చేదాకా ఆగి, అప్పుడు తలుపు వేస్తారు.

వేటతో పందులు తగ్గకపోవడం ఒక ఎత్తు, కొత్తచోట్ల పుట్టుకురావడం మరో ఎత్తు. టెనెస్సీ అనుభవం ఇందుకు సాక్ష్యం. అంతకుముందు కొన్ని ప్రాంతాలకే పరిమితమైన పందుల వేటను ఆ రాష్ట్రం 1999లో అంతటా అనుమతించింది. ఎన్నింటినైనా చంపవచ్చంది. తీరా చూస్తే మునుపు పంది జాడే లేని చోట్ల పందులు కనిపించాయి. సొంత ఊరి దగ్గరే వేట ఉండాలని కొందరు వాటిని బండ్లలో తెచ్చి దొంగచాటుగా వదిలారు. చివరికి 2011లో ఆ రాష్ట్రం పందిని వేటజంతువుల జాబితా నుంచి తీసేసి, నివారణ బాధ్యతను ప్రధానంగా భూమి యజమానులకు అప్పగించింది. మిస్సోరీ వన్యప్రాణి శాఖ 2016లో తన భూముల్లో పందుల వేటనే నిషేధించింది. వేటగాళ్లు మందలను బెదరగొడితే పన్నిన బోనులన్నీ వృథా అవుతున్నాయన్నది వాళ్ల అనుభవం. పందికి ధర పలికినంతకాలం పంది ఉండాలని కోరుకునేవాళ్లూ ఉంటారు.

ఒక్క పంది చచ్చినా ఒకటి తగ్గినట్టే కదా అనవచ్చు. దాని చోటును నిండా భర్తీ చేయడానికి ఒక్క ఈత చాలు. పంట పోయిన రైతుకు వేటగాళ్లిచ్చే రుసుము ఆసరా కదా అనవచ్చు. ఆసరా నిజమే, కానీ అదే రాబడి పందులను పూర్తిగా వదిలించుకోవాలన్న పట్టుదలను సడలిస్తుంది. కుక్కలు లేకుండా తెలివిమీరిన పందులు దొరకవన్న వాదనలో మాత్రం బలముంది. కాలిఫోర్నియా తీరంలోని శాంటా క్రూజ్ దీవిలో ఐదు వేలకు పైగా పందులను ఏరివేసినప్పుడు కంచెలు, బోనులు, హెలికాప్టర్లతో పాటు శిక్షణ పొందిన కుక్కలూ పనిచేశాయి. అక్కడ ఆఖరి పంది దాకా వెళ్లడమే లక్ష్యం. డబ్బిచ్చి వచ్చేవాళ్ల వేటకు వచ్చే ఏడాదికీ పందులు కావాలి. ఆ వినోదం కోసం కోరలకు చీలిపోయేది కుక్క. పందుల నుంచి సోకే సూడో రేబిస్ కుక్కకు ప్రాణాంతకం. చేతి తొడుగులు లేకుండా పందిని కోసే మనిషికి బ్రూసెల్లోసిస్ ముప్పు ఉంది.

మన మొక్కజొన్న, వేరుశనగ రైతుల గోడు కూడా తక్కువేమీ కాదు. అయితే ఇక్కడి అడవి పంది ఈ నేలదే, పులికీ చిరుతకూ ఆహారం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అధికారుల అనుమతి లేకుండా దాన్ని చంపకూడదు. కాబట్టి ఏరివేత మన దారి కాదు, వేట వినోదం అంతకన్నా కాదు. అమెరికా అనుభవం నుంచి మనం తీసుకోవాల్సింది ఒక్కటే: ఏ పద్ధతి ఎంచుకున్నా చచ్చిన పందుల లెక్కతో కాక, రైతు ఇంటికి చేరిన పంటతో దాన్ని కొలవాలి. ఆ కొలతకు నిలవని వేటను రైతు సేవ అని పిలవడం రైతుకే అన్యాయం.