చల్లారాక తినాల్సిన కూర

వంకాయ, కాబూలీ శనగలు, టమాటా కలిపి ఆలివ్ నూనెలో మగ్గబెట్టే కూర ఒకటి లెబనాన్ ఇళ్ళలో తరతరాలుగా ఉంది. పేరు మగ్మూర్. ముసకా అని కూడా అంటారు, ఆ రెండో పేరే దీనికి చేటు తెచ్చింది. ముసకా అనగానే బయటివాళ్ళకు గ్రీసు వంటకమే గుర్తొస్తుంది: వంకాయ ముక్కల మధ్య కీమా, పైన పాలూ మైదాలతో చేసిన తెల్లటి సాస్. దాంతో మగ్మూర్‌ను కీమాకు నోచుకోని ముసకాగా లెక్కగడతారు. నిజానికి ఆ తెల్లటి సాస్ అంత పాతదేమీ కాదు. నికొలాస్ సెలెమెంతెస్ అనే గ్రీకు వంటల రచయిత ఫ్రెంచి పద్ధతుల మీద మోజుతో 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మగ్మూర్ దారి వేరు. మాంసం తీసేస్తే మిగిలిన కూరగా కాక, మొదటి నుంచీ మాంసంతో పని లేని కూరగా చూస్తేనే అది అర్థమవుతుంది.

ఇందుకు సాక్ష్యం దాన్ని తినే తీరులోనే ఉంది. లెబనాన్‌లో మాంసంతో చేసే పులుసు కూరల్ని యఖ్నె అంటారు, వాటిని వేడివేడిగా అన్నంలోకి వడ్డిస్తారు. ‘బి జైత్’, అంటే నూనెతో వండినవి, మరో తెగ. చిక్కుడు, బెండకాయ, మగ్మూర్ ఈ తెగలోవే. వీటిని చల్లారనిచ్చి రొట్టెతో తింటారు. ఈ తేడాకు కారణం కొవ్వే. గొర్రె కొవ్వు, నెయ్యి చల్లారితే పేరుకుని అంగిలికి అంటుకుంటాయి. ఆలివ్ నూనె అలా గడ్డకట్టదు, పైగా వేడి తగ్గేకొద్దీ దాని వాసన, వంకాయ తీపి, టమాటా పులుపు దేనికది నాలుకకు తెలుస్తాయి. ఇందులో కీమా కలిపితే వేడిగా తినక తప్పదు, అప్పుడది మరో కూర అయిపోతుంది. ఈస్టరుకు ముందు ఉపవాస దినాల్లో మారోనైట్, ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఈ నూనె కూరలే ఆధారం. అయితే ఏ ఉపవాసమూ లేని రోజున ముస్లింలు, ద్రూజ్‌లు కూడా ఇష్టంగా వండుకుంటారు. అది లేమి వంటే అయితే కలిగిన ఇళ్ళ బల్లల మీదికి ఎలా వచ్చింది?

వండటం తేలికే, వరస మాత్రం తప్పకూడదు. శనగల్ని రాత్రంతా నానబెట్టి, వేళ్ళ మధ్య నొక్కితే నలిగేదాకా ముందే ఉడికించాలి. టమాటా పడ్డాక ఆ పులుపుకు గింజ ఇక మెత్తబడనంటుంది. రెండు పెద్ద వంకాయలకు చారలు చారలుగా చెక్కు తీసి, లావుపాటి ముక్కలు కోసి, ఉప్పు చల్లి అరగంట ఉంచి, తడి తుడిచి నూనెలో ఎర్రగా వేయించాలి. అదే నూనెలో రెండు ఉల్లిపాయల్ని సన్న సెగ మీద బంగారు రంగు వచ్చేదాకా మగ్గనిచ్చి, ఏడెనిమిది వెల్లుల్లి రెబ్బలు, అరకిలో టమాటా ముక్కలు వేయాలి. టమాటా కరిగాక కప్పు శనగలు, వంకాయ ముక్కలు చేర్చి మూత పెట్టాలి. గరిటె పెట్టి కెలికితే వంకాయ చిదిమిపోతుంది, గిన్నె కదిపితే చాలు. పులుసు చిక్కబడి నూనె పైకి తేలాక దించి, ఎండు పుదీనా నలిపి చల్లి వదిలేయాలి. మర్నాటికి ఇంకా బాగుంటుంది.

ఇంత నూనె దేనికని అడిగేవాళ్ళు ఉంటారు, అడగాల్సిందే. వంకాయ గుజ్జు నిండా గాలి గదులుంటాయి, పచ్చి ముక్క నూనెను పీల్చేసేది అందుకే. ముందుగా ఉప్పు పట్టిస్తే ఆ గదులు కొంత కుంగుతాయి, పీల్చే నూనె తగ్గుతుంది. ఇంకా తగ్గించాలంటే ముక్కలకు నూనె రాసి ఓవెన్‌లో కాల్చుకోవచ్చు, ఇప్పుడు చాలా ఇళ్ళలో అదే పద్ధతి. కానీ నూనెను పూర్తిగా ఎత్తేస్తే కూర పోతుంది. రుచికి, నోటికి నిండుదనానికి అదే మూలం, టమాటాలోని లైకోపీన్ ఒంటికి పట్టడానికీ కొవ్వు కావాలి.

టమాటా అమెరికా ఖండం నుంచి వచ్చింది, లెవాంట్ వంటల్లో అది స్థిరపడింది 19వ శతాబ్దంలోనే, మరి సంప్రదాయం అనడం ఎలా అన్నది ఇంకో అభ్యంతరం. దీనికి జవాబు వంకాయే చెబుతుంది. మన వైపు నుంచి పర్షియా మీదుగా అరబ్బుల దగ్గరికి చేరిన ఆ కాయ 10వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ కూర్చిన వంటల పుస్తకంలో అప్పటికే ఉంది. టమాటా రాకముందు పులుపు కోసం పుల్లటి ద్రాక్షరసం, సుమాక్, దానిమ్మ ఉండేవి. కొన్ని కుటుంబాలు ఇప్పటికీ చివర్లో చెంచాడు దానిమ్మ పాకం వేస్తాయి. పులుపు ఎక్కడి నుంచి వచ్చినా, నూనెలో మగ్గబెట్టి చల్లార్చి తినే పద్ధతి నిలిచింది. ఇంటి పెద్దలు పిల్లలకు నేర్పుతున్నదీ దాన్నే.

మన వంటింట్లో చేయాలంటే, కాల్చి పచ్చడి చేసే పెద్ద నల్ల వంకాయ సరిగ్గా సరిపోతుంది. ఆలివ్ నూనె ఖరీదు అనిపిస్తే వేరుశనగ నూనెతో వేయించుకోవచ్చు, మన ఊళ్ళ వేడికి అదీ గడ్డకట్టదు. దించి చల్లారిన తర్వాత మాత్రం రెండు చెంచాల మంచి ఆలివ్ నూనె పచ్చిగానే పోయాలి, ఆ వాసనకు బదులు మరొకటి లేదు.