కొట్టిన పిల్లోడు ఎవరు?

మా హోసూరు పక్క మూడు భాషలు కలిసే తిరుగుతాయి. "నిన్న వచ్చిన మనిషి" అన్నా, తమిళంలో "నేత్తు వంద ఆళ్" అన్నా, కన్నడంలో "నిన్నె బంద ఆళు" అన్నా వరస ఒకటే. వచ్చిన సంగతి ముందు, మనిషి వెనక. ఇంగ్లీషొక్కటే తిరగేస్తుంది: "ద మ్యాన్ హూ కేమ్ యెస్టర్డే".

వరస మార్చుకోవడం తొందరగానే వస్తుంది. చిక్కంతా ఇంకోచోట. "కొట్టిన పిల్లోడు" అంటే కొట్టినోడా, దెబ్బలు తిన్నోడా? మన మాటలో రెండూ పడతాయి, సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటాం. ఇంగ్లీషు ఒప్పుకోదు. "ద బాయ్ హూ హిట్ హిమ్" అంటే కొట్టినోడు, "ద బాయ్ హి హిట్" అంటే తిన్నోడు.

ఆరో తరగతిలో అయ్యవారికి రాసిచ్చిన చీటీలో నేను 'హి' బదులు 'హూ' పెట్టినాను. దెబ్బలు తిన్నోడికే మళ్లా పడినాయి.