ఛాయాగ్రాహకులకు ఓడలరేవు

సముద్రతీరమునకు ఛాయాచిత్రములు తీయబోవువారు సాధారణముగా ముందు కెమెరాను గూర్చియు, లెన్సులను గూర్చియు, బసను గూర్చియు విచారింతురు. సూర్యుడు ఏ మూల నుదయించునో, కడలి ఏ వేళకు వెనుదీయునో యను విచారము, ఉన్నచో, కట్టకడపటిది. ఓడలరేవు వంటి చోటికి పోవునపుడు ఈ క్రమము తలక్రిందు కావలెనని నా అభిప్రాయము. అక్కడ కొండలు లేవు, కోటలు లేవు, అలలు విరిగిపడు రాళ్లును లేవు. చూడదగినదంతయు వెలుగును, నీటిని, ఇసుకను ఆశ్రయించియున్నది. కనుక ముహూర్తము పెట్టుకొనువారివలె ముందు పంచాంగము విప్పవలెను.

అల్లవరం మండలములోని ఈ గ్రామము అమలాపురమునకు దక్షిణమున సుమారు 20 కిలోమీటర్ల దూరములో నున్నది. గన్నవరము కడ వసిష్ఠనుండి చీలి, లంకల నడుమ మెలికలు తిరిగి వచ్చిన వైనతేయ గోదావరి ఈ ఊరి పడమటి ప్రక్కను సముద్రములో కలియును. తూర్పుతీరమున సూర్యోదయమే గాని సూర్యాస్తమయము కడలిపై కానరాదను మాట లోకమున ప్రసిద్ధము. కాని కోనసీమ తీరము అంతర్వేదినుండి ఈశాన్యముగా, అందును తూర్పునకే యెక్కువ మొగ్గి సాగుటచే, ఓడలరేవు ఒడ్డున నిలిచినవానికి సముద్రము తూర్పున గాక ఆగ్నేయమునకును దక్షిణమునకును నడుమ నుండును. డిసెంబరు కడపటి దినములలో సూర్యుడు తూర్పునకు సుమారు 24 డిగ్రీలు దక్షిణముగా ఒరిగి ఉదయించి, పడమటికి అంతే దక్షిణముగా ఒరిగి అస్తమించును. తత్ఫలితముగా ఉదయమున బింబము తిన్నగా నీటినుండి వెలువడును. సాయంకాలము అదే బింబము తీరరేఖ వెంబడి వైనతేయ మొగ వైపునకు దిగును. ఒకే ఒడ్డున, కొలది దూరము నడచినంతలో, రెండు సంధ్యలును నీటిమీద దొరకుట మన తీరమున సులభముగా లభించునది కాదు. జూన్ నాటికి ఈ సౌకర్యము పోవును. అప్పుడు ఉదయాస్తమయములు రెండును ఉత్తరమునకు జరిగి, కొబ్బరితోటల వెనుకకు పోవును. అదియు అందమే గాని, దానికొరకు ఓడలరేవు దాక పోనక్కరలేదు.

మాసనిర్ణయమున మఱికొన్ని సంగతులు గలవు. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలము. 1996 నవంబరు 6వ తేది రాత్రి వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టము గావించిన తీరు ఇచ్చటి పెద్దలెవ్వరును మఱవలేదు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు చేపలవేట నిషేధము గనుక మోటారు పడవలు ఒడ్డునే యుండును. బోసిపోయిన కడలిని కోరువారికి తప్ప తక్కినవారికి ఆ రెండు నెలలును ప్రయోజనకరములు కావు. పైగా మే మొదటి వారమున మధ్యాహ్నపు సూర్యుడు సరిగా నడినెత్తిని నిలుచును; నీడలు కాళ్లక్రిందికి ముడుచుకొని పోవును. ఇక శ్రావణ భాద్రపదములలో గోదావరికి వరద వచ్చినపుడు ఎఱ్ఱనీరు మొగదాటి కడలిలోనికి చొచ్చుకొనిపోవును. ఆ నీటి కెదురీది పులస చేప నదిలో ప్రవేశించును. ఆ రెండు వర్ణముల కలయికను పట్టదలచినవారు వానను, బురదను, మార్గనిరోధములను సహింపగలవారై యుండవలెను. మొదటిసారి పోవువారికి నా సలహా డిసెంబరు నడిమినుండి ఫిబ్రవరి వఱకు గల కాలము.

పోటుపాటుల సంగతి మఱింత ముఖ్యము. ఇచ్చట దినమునకు రెండు పోటులు, రెండు పాటులు. పోటువేళ ప్రతిదినము సుమారు 50 నిమిషములు ఆలస్యమగుచుండును. అమావాస్యా పౌర్ణములకు నీటి యెత్తు పెరుగును. పాటు దిగినపుడు ఇసుక తిప్పలు బయటపడి, వానిమీద నిలిచిన పలుచని నీటిపొర ఆకాశమునంతయు ప్రతిబింబించును. చిత్రములకు అదియే ఉత్తమసమయము. అయితే ఆ తిప్పలమీదికి నడచిపోయినవాడు పోటు తిరుగువేళ నెఱుగనిచో వెనుక త్రోవ మూసుకొనిపోవును. మొగ కడ ప్రవాహము మోసకారి; దిగి స్నానము చేయరాదు. పోటు సమయము ఆ ఊరి జాలరులు నోటిలెక్కగా చెప్పుదురు. ఊరు చేరిన సాయంకాలమే వారిని అడుగుట మేలు.

గోదావరి తెచ్చిన ఇసుక నలుపు కలిసిన బూడిదవన్నెది. కెమెరాయైనను సెల్‌ఫోనైనను చీకటి వస్తువును చూచి వెలుగు చాలదని భ్రమించి, చిత్రమును అవసరమునకు మించి తెల్లబఱచును. కావున తడియిసుక చిత్రమున నిండుగా నున్నపుడు వెలుగు మోతాదును ఒకమెట్టు తగ్గించుట యుక్తము. ఉప్పుతుంపరలు లెన్సుపై పేరుకొనును. పొడిగుడ్డతో రుద్దినచో గీతలు పడును గనుక మంచినీట తడిపి పిండిన మెత్తనిగుడ్డ వెంట నుండవలెను. ఇసుకలో లెన్సు మార్చుట కూడని పని.

ఓ.ఎన్.జి.సి. వారి టెర్మినల్ ఈ ఊరిలోనే యున్నది. సముద్రగర్భమునుండి వచ్చు సహజవాయువును అచ్చట శుద్ధిచేయుదురు. దానివైపు కెమెరా నెత్తకుండుట వివేకము. 2021 నాటి డ్రోన్ నిబంధనలు ఆకాశమును ఎఱుపు, పసుపు, పచ్చ మండలములుగా విభజించినవి. ముందుగా ఆ పటమును చూడక డ్రోన్‌ను ఎగురవేయరాదు.

పడవలను ఒడ్డునకు త్రోయువారిని, వల బాగుచేసికొనువారిని చిత్రింపగోరినచో, ముందు కెమెరా దించి, “బాబాయ్, ఫోటో తీసుకోవచ్చా అండీ?” అని యడుగవలెను. “ఆయ్, తీస్కోండి” అను సమాధానము సాధారణముగా వచ్చును; రానపుడు మారుమాట లేక తొలగిపోవలెను. శీతకాలపు రాత్రులలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గ్రుడ్లుపెట్టుటకు ఈ తీరమున కెక్కును. వానిపై ఫ్లాష్ వేయుట క్రౌర్యమే, చట్టవిరుద్ధము కూడ.

అమలాపురమునకు నేటికిని రైలు లేదు. రాజమహేంద్రవరమున దిగి, రావులపాలెము మీదుగా బస్సులో వచ్చి, అమలాపురములో బసచేసి, ముందునాడే ఆటో మాటాడుకొని, తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరవలెను. సంక్రాంతి దినములలో సూర్యోదయము ఆరున్నర దాటినపిమ్మట. కాని దానికి అరగంట ముందునుండి ఆకాశము మారు రంగులే అసలు సంపద.

ఆ దినములనే యెన్నుకొన్నవారికి మఱొక లాభము గలదు. కనుమనాడు అంబాజీపేట మండలములోని జగ్గన్నతోటలో ప్రభల తీర్థమను ఉత్సవము జరుగును. గంగలకుఱ్ఱు, గంగలకుఱ్ఱు అగ్రహారముల ప్రభలను యువకులు భుజములపై మోయుచు కౌశిక యేటి నీటిలో దిగి దాటింతురు. ఆనాటికి సముద్రమును విడిచి, పాతబట్టలు ధరించి, పొడుగు లెన్సును బసలోనే వదలి, గట్టుమీద చోటు దొరకువేళకే పోవలెను.