రాయలసీమ ఆకాశంలో డ్రోన్లు, హెలికాప్టర్లు: అపోహలు – వాస్తవాలు

పెళ్లి వీడియోలు, జాతర్లు, బహిరంగ సభలు, గండికోట లోయ దృశ్యాలు – ఇలా కర్నూలు, కడప ప్రాంతాల్లో చిన్న డ్రోన్లు ఎగరని సందర్భం ఈ రోజుల్లో అరుదు. అదే ఎత్తులో అప్పుడప్పుడు ప్రయాణించే హెలికాప్టర్ల విషయంలో మాత్రం, డ్రోన్ నడిపేవారిలోనూ చూసేవారిలోనూ కొన్ని దురభిప్రాయాలు బలంగా నాటుకుపోయాయి. వీటిలో కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తిగా తప్పులు. ప్రాణాపాయం ఎక్కువగా సగం నిజాల్లోనే ఉంది.

అపోహ: ఈ ప్రాంతానికి హెలికాప్టర్లు రావడమే అరుదు, కాబట్టి ఢీకొనే అవకాశం లేదు.

ఏడాది మొత్తానికి సగటు తీస్తే ఈ మాట నిజమే. అయితే ప్రమాదం సగటులో కాక, రెండు యంత్రాలు ఒకే చోటికి ఒకే సమయంలో రావడంలో ఉంటుంది. రాయలసీమకు హెలికాప్టర్ వచ్చే సందర్భాలు ప్రధానంగా వరదలు, ప్రముఖుల పర్యటనలు, ఖనిజ సర్వేలు. వీటిలో మొదటి రెండూ డ్రోన్ ఉన్న ప్రతి ఒక్కరికీ దాన్ని బయటికి తీయాలనిపించే సందర్భాలే.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తినప్పుడు మేడల మీద చిక్కుకున్నవారికి ఆహార పొట్లాలు జారవిడిచినవి హెలికాప్టర్లే. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట ప్రాంతంలోని పల్లెలు కొట్టుకుపోయిన రోజునే, పొరుగున అనంతపురం జిల్లాలో చిత్రావతి ప్రవాహంలో చిక్కుకున్న 10 మందిని వైమానిక దళానికి చెందిన ఎంఐ-17 హెలికాప్టర్ పైకి లాగి కాపాడింది. 2009 నాటికి సామాన్యుడి చేతిలో డ్రోన్ లేదు. నేడు ప్రతి మండల కేంద్రంలోని ఫోటో స్టూడియోలోనూ కనిపిస్తుంది. నీట మునిగిన వీధిని పై నుంచి చిత్రీకరించాలన్న కోరిక, ఆ వీధిలోని మనుషులను కాపాడడానికి హెలికాప్టర్ దిగి వచ్చే అవసరం ఒకే గంటలో, ఒకే ఇంటి కప్పు మీద కలుసుకుంటాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు హెలికాప్టర్లతో పాటు డ్రోన్లూ ఆహారం అందించాయి. ప్రభుత్వం పంపే డ్రోన్‌కు ఎత్తును, సమయాన్ని, హద్దును విడిగా కేటాయించవచ్చు. ఎవరికీ చెప్పకుండా ఎగరేసిన డ్రోన్‌కు అటువంటి ఏర్పాటు ఏదీ సాధ్యం కాదు. అది ఒక్కటి కనిపించినా రక్షణ చర్యను ఆపి వెనుదిరగవలసిన పరిస్థితి పైలట్‌కు ఏర్పడుతుంది. ఢీకొనకపోయినా అప్పుడు నష్టపోయేది కప్పు మీద ఎదురుచూస్తున్న మనిషే.

మూడో సందర్భమైన సర్వే గురించి తెలిసినవారు తక్కువ. భూగర్భ శాస్త్రజ్ఞులు కడప బేసిన్ అని పిలిచే ప్రాచీన అవక్షేప శిలల విశాల ప్రాంతంలో యురేనియం కోసం అన్వేషించే కేంద్ర ప్రభుత్వ అణు ఖనిజ సంస్థ హెలికాప్టర్ సర్వేలు జరిపించింది. నేల పొరల విద్యుత్ స్వభావాన్ని కొలిచే పెద్ద తీగ చట్రాన్ని కింద వేలాడదీసుకుని, కొండలను అనుసరిస్తూ తక్కువ ఎత్తులో సాగే ఆ హెలికాప్టర్‌కు పక్కకు తిరిగే స్వేచ్ఛ కూడా పరిమితమే.

అపోహ: 120 మీటర్ల లోపు డ్రోన్లది, ఆ పైన హెలికాప్టర్లది, మధ్యలో హద్దు ఉంది.

2021 ఆగస్టు 25న నోటిఫై అయిన డ్రోన్ నియమాల ప్రకారం, ముందస్తు అనుమతి అవసరం లేని ఆకుపచ్చ మండలంలో డ్రోన్ 400 అడుగుల, అంటే సుమారు 120 మీటర్ల ఎత్తు వరకు ఎగరవచ్చు. ఇది డ్రోన్‌కు పై హద్దు మాత్రమే. హెలికాప్టర్‌కు కింది హద్దు కాదు. జూనియర్ కాలేజీ మైదానంలోనో మార్కెట్ యార్డులోనో వేసిన తాత్కాలిక హెలిప్యాడ్‌కు దిగే హెలికాప్టర్ ఆ 120 మీటర్ల పొరను దాటకుండా నేలను చేరలేదు. మనుషులను తాడుతో పైకి లాగేటప్పుడైతే ఆ పొరలోనే నిమిషాల తరబడి నిలిచి ఉంటుంది.

పైగా, డ్రోన్ తెర మీద కనిపించే ఎత్తు సాధారణంగా అది బయలుదేరిన చోటు నుంచి కొలిచినదే తప్ప, ప్రస్తుతం దాని కింద ఉన్న నేల నుంచి కొలిచినది కాదు. గండికోట అంచు మీద నిలబడి ఎగరేసిన డ్రోన్ పెన్నా లోయ మీదికి సాగినప్పుడు, దాదాపు 300 అడుగుల ఆ లోయ లోతు కూడా కలిసి, తెర మీద 120 మీటర్లు చూపుతున్నా నీటి మట్టం నుంచి 200 మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. ఎర్రమల, నల్లమల వాలుల మీద ఎక్కడైనా ఇదే చిక్కు. హద్దును తెలిసి మీరేవారి సంగతి వేరే చెప్పనవసరం లేదు: 2019 డిసెంబర్‌లో లాస్ ఏంజెలెస్‌లో ఒక వార్తా చానెల్ హెలికాప్టర్‌ను రాత్రివేళ డ్రోన్ తాకినప్పుడు ఆ హెలికాప్టర్ సుమారు 1,100 అడుగుల ఎత్తులో ఉంది.

అపోహ: పైలట్‌కు డ్రోన్ కనిపిస్తుంది, తప్పుకుంటాడు.

ఈ అపోహను లెక్కతో తేల్చవచ్చు. గంటకు సుమారు 215 కిలోమీటర్ల వేగంతో సాగే హెలికాప్టర్ సెకనుకు 60 మీటర్లు ముందుకు వస్తుంది. ఎదురుగా ఉన్నదాన్ని గమనించి, అదేమిటో గుర్తించి, తప్పుకోవాలని నిర్ణయించి, యంత్రాన్ని తిప్పి, అది తిరిగేవరకు పైలట్‌కు పట్టే సమయం సుమారు 12.5 సెకన్లని అమెరికా విమానయాన శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే డ్రోన్ 750 మీటర్ల దూరంలోనే కంటపడాలి. మూలనుంచి మూలకు 35 సెంటీమీటర్లుండే సాధారణ డ్రోన్ అంత దూరం నుంచి మానవ నేత్రం పట్టుకోగల కనిష్ఠ పరిమాణానికి కాస్త పైన మాత్రమే ఉంటుంది. అదీ ఎక్కడ వెతకాలో ముందే తెలిసి, శుభ్రమైన ఆకాశం నేపథ్యంగా ఉంటేనే. బూడిద రంగు డ్రోన్ బండరాళ్ల నేల మీదుగా ఎగురుతూ ఉంటే కళ్లకు పట్టు దొరకదు. ఇంకొక చిక్కు ఏమిటంటే, నేరుగా ఢీకొనే దారిలో ఉన్న వస్తువు పైలట్ చూపులో పక్కకు కదలదు. ఒకే బిందువులో నిలిచి ఉండి, చివరి క్షణాల్లో ఒక్కసారిగా పెద్దదవుతుంది. మనిషి చూపును ఆకర్షించేది కదలిక కాబట్టి, అత్యంత ప్రమాదకరమైన వస్తువే అన్నింటికంటే ఆలస్యంగా కంటపడుతుంది.

తక్కువ ఎత్తులో పైలట్ల దృష్టి ఎంత విలువైనదో ఈ నేలకు బాగా తెలుసు. 2009 సెప్టెంబర్ 2న నల్లమలలోని పావురాలగుట్ట మీద ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో సహా ఐదుగురి ప్రాణాలు తీసిన బెల్ 430 ప్రమాదానికి డ్రోన్‌తో సంబంధం లేదు. తీవ్రమైన వాతావరణంతో పాటు, గేర్ల వ్యవస్థలో నూనె పీడనం తగ్గినట్టు కనిపించిన సూచన మీద సిబ్బంది దృష్టి కొన్ని నిమిషాలు నిలిచిపోవడాన్ని విచారణ కమిటీ ఎత్తి చూపింది. కొండల మీద, మేఘాల మధ్య అప్పటికే భారంగా ఉన్న పైలట్ దృష్టికి కంటికి ఆనని ఒక వస్తువును వెతికే పనిని కూడా అప్పగించడం న్యాయం కాదు.

అపోహ: హెలికాప్టర్ రెక్కల గాలికి డ్రోన్ దూరంగా కొట్టుకుపోతుంది.

హెలిప్యాడ్ దగ్గర దుమ్ము లేవడం చూసినవారికి ఇలా తోచడం సహజం. కానీ ఆ గాలి కిందికి తోసే గాలి. ముందుకు వేగంగా సాగే హెలికాప్టర్ విషయంలో అది వెనుకకు, కిందికి జారిపోతుంది కనుక ముందున్న డ్రోన్‌ను నెట్టే గాలి ఏదీ ఉండదు. గాలిలో నిలిచి ఉన్న హెలికాప్టర్ విషయంలో పరిస్థితి మరింత విపరీతం: ప్రధాన రోటర్ పై నుంచి గాలిని లోపలికి పీల్చుకుంటుంది కాబట్టి, దృశ్యం బాగుంటుందని దాని మీదికి తెచ్చిన డ్రోన్ రెక్కల వైపే లాగబడుతుంది.

అపోహ: అరచేతిలో పట్టే ప్లాస్టిక్ వస్తువు హెలికాప్టర్‌ను ఏమీ చేయలేదు.

250 గ్రాముల డ్రోన్‌ను సెకనుకు 60 మీటర్ల వేగంతో వచ్చే హెలికాప్టర్ ఢీకొంటే విడుదలయ్యే శక్తి సుమారు 450 జౌళ్లు. గంటకు 144 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతికి ఉండే శక్తికి ఇది మూడున్నర రెట్లు. 1.4 కిలోల డ్రోన్ అయితే ఇది 2,500 జౌళ్లు దాటుతుంది. శక్తి ఒక్కటే కాదు, అది చేరే తీరు కూడా ముఖ్యం. అంతే బరువున్న పక్షి తాకినప్పుడు దాని శరీరం చితికి దెబ్బను వెడల్పుగా పంచుతుంది. డ్రోన్‌లోని మోటార్లు, బ్యాటరీ, కెమెరా గట్టి ముద్దలు కాబట్టి ఒకే బిందువులో గుచ్చుకుంటాయి. సమాన బరువున్న పక్షి కంటే డ్రోన్ విమాన నిర్మాణానికి ఎక్కువ నష్టం కలిగిస్తుందని 2017లో అమెరికా విశ్వవిద్యాలయాల కూటమి జరిపిన అధ్యయనం తేల్చింది. అదే ఏడాది బ్రిటన్‌లో జరిగిన పరీక్షలు, పక్షి దెబ్బకు తట్టుకునేలా ధ్రువీకరణ పొందని హెలికాప్టర్ల ముందు అద్దాలు డ్రోన్ ముందు చాలా బలహీనమని చూపాయి. పెద్ద రవాణా హెలికాప్టర్లు ఒక కిలో పక్షి దెబ్బకు తట్టుకోవాలన్న ప్రమాణం అంతర్జాతీయంగా ఉన్నా, చిన్న హెలికాప్టర్లకు చాలాకాలం అటువంటి నిబంధనే లేదు.

అన్నింటికంటే సున్నితమైనది తోక రోటర్. పై రెక్కలు ఒక దిశలో తిరిగితే హెలికాప్టర్ దేహం ఎదురు దిశలో గిర్రున తిరగబోతుంది. దాన్ని అడ్డుకునేది తోకన ఉన్న ఈ చిన్న రోటరే. అది దెబ్బతిన్నా, ఇంజిన్ ఆగినా, పడుతున్న వేగానికి ఎదురొచ్చే గాలితోనే పై రెక్కలు తిరిగేలా చేసి నెమ్మదిగా దిగే ఆటోరొటేషన్ అనే పద్ధతి పైలట్లకు నేర్పుతారు. దానికి చాలినంత ఎత్తు గానీ వేగం గానీ ఉండాలి. వరద నీటి మీద నిలిచి మనిషిని లాగుతున్న హెలికాప్టర్‌కు ఆ రెండూ ఉండవు. ఎండాకాలపు కర్నూలు, కడపల్లో ఇది మరింత గట్టి మాట: 43 డిగ్రీల ఎండలో గాలి సాంద్రత 15 డిగ్రీల నాటి కంటే సుమారు 9 శాతం తగ్గి, రెక్కలకు దొరికే పైకెత్తే బలం, ఇంజిన్ శక్తి రెండూ తగ్గుతాయి కనుక, తప్పుకోవడానికి మిగిలే అదనపు బలం స్వల్పం.

250 గ్రాముల లోపుదైతే భయం లేదనేవారికి 2025 జనవరి 9 నాటి ఉదంతం సమాధానం. లాస్ ఏంజెలెస్ కార్చిచ్చును ఆర్పుతున్న, కెనడా నుంచి వచ్చిన నీటి విమానం రెక్కకు అటువంటి చిన్న డ్రోనే రంధ్రం చేసి, అత్యవసర వేళ దాన్ని నేలకు పరిమితం చేసింది. ఆ డ్రోన్‌ను ఎగరేసిన వ్యక్తి మంటలు చూడాలని రెండున్నర కిలోమీటర్ల దూరం పంపి, కంటిచూపుకు అందకుండా పోగొట్టుకున్నాడు.

అపోహ: నిషేధం ఉంటే యాప్ చెబుతుంది, ఓర్వకల్లు డ్రోన్ సిటీ కాబట్టి అక్కడ స్వేచ్ఛగా ఎగరేయవచ్చు.

ఓర్వకల్లు వద్ద 300 ఎకరాల్లో డ్రోన్ సిటీ నెలకొల్పాలని రాష్ట్ర ప్రభుత్వం సంకల్పించిన మాట నిజమే. డ్రోన్ పరిశ్రమకు ఉద్దేశించిన ఆ స్థలం అందరి ఆటస్థలం కాదు. 2021 మార్చిలో ప్రారంభమైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం అక్కడే ఉంది. ఆకాశంలోని డ్రోన్లను లేజర్ కిరణంతో కూల్చే ఆయుధాన్ని 2025 ఏప్రిల్‌లో డీఆర్‌డీవో పరీక్షించిన ప్రయోగ క్షేత్రమూ కర్నూలు జిల్లాలోనే ఉంది. కర్నూలుకైనా కడపకైనా వర్తించే నియమం ఒక్కటే: విమానాశ్రయ ప్రహరీ నుంచి 5 కిలోమీటర్ల వరకు ఎర్ర మండలం, 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య అనుమతి ఉంటేనే ఎగరగల పసుపు మండలం, 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల హద్దు. ఈ మండలాల పటం కేంద్రం నడిపే డిజిటల్ స్కై వేదికలో ఉంటుంది. వీటికి తోడు, ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి గరిష్ఠంగా 96 గంటల పాటు తాత్కాలిక ఎర్ర మండలాన్ని ప్రకటించవచ్చు. నిన్న ఎగరేసిన చోటే నేడు నిషిద్ధం కావచ్చు.

2017 సెప్టెంబర్ 21న న్యూయార్క్ సమీపంలో సైనిక బ్లాక్ హాక్ హెలికాప్టర్‌ను తాకిన డ్రోన్ యజమాని నమ్ముకున్నది యాప్‌నే. అతని ట్యాబ్లెట్‌కు మొబైల్ నెట్‌వర్క్ లేకపోవడంతో తాత్కాలిక నిషేధం సంగతి చేరలేదు. సుమారు 4 కిలోమీటర్ల దూరంలో ఢీకొన్నట్టు దర్యాప్తు అధికారులు సంప్రదించేవరకు అతనికి తెలియనే తెలియదు. హెలికాప్టర్ రెక్కకు నొక్కు పడగా, డ్రోన్ మోటారు ముక్క హెలికాప్టర్ దేహంలో దొరికింది. నల్లమల అంచు గ్రామాల్లో సిగ్నల్ పరిస్థితి తెలిసినవారికి ఈ ఉదంతం దూరదేశపు కథ అనిపించదు. సిగ్నల్ తెగితే డ్రోన్ దానంతటదే తిరిగి వచ్చే ఏర్పాటు సైతం చాలా డ్రోన్లలో ముందుగా అమర్చిన ఎత్తుకు లేచి, ఆ తర్వాతే ఇంటిదారి పడుతుంది. మధ్యలో ఏముందో దానికి తెలియదు.

అపోహ: జాగ్రత్త అంటే డ్రోన్‌ను పెట్టెలో పెట్టేయడమే.

పైరుకు రెండు మూడు మీటర్ల ఎత్తులో మందు చల్లే వ్యవసాయ డ్రోన్ వల్ల దారిన పోయే హెలికాప్టర్‌కు ముప్పు దాదాపు లేదు. చిత్రీకరణ డ్రోన్ కూడా కంటిచూపు దాటకుండా, పక్కనే ఆకాశాన్ని, శబ్దాన్ని గమనించే రెండో మనిషి ఉండగా ఎగిరితే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. 250 గ్రాములు దాటి 2 కిలోల లోపు ఉండే మైక్రో డ్రోన్‌ను సరదాకు ఎగరేయడానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు గానీ, డబ్బు తీసుకుని పెళ్లి తీయడానికి కావాలన్న సంగతిని చాలా స్టూడియోలు పట్టించుకోవడం లేదు. ఆ శిక్షణలో నేర్పేది బొమ్మ తీయడం కాదు, ఆకాశాన్ని ఇతరులతో పంచుకోవడం. మనుషులున్న విమానానికే దారి హక్కు అని నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. కాబట్టి హెలికాప్టర్ చప్పుడు వినిపించిన క్షణం, అది ఏ దిక్కు నుంచి వస్తున్నదో చూడకముందే, డ్రోన్‌ను అక్కడికక్కడే నిలువుగా కిందికి దించాలి. ఇంటివైపు తిప్పడం, ఎత్తు పెంచడం, ఆగి చిత్రీకరించడం ఏదీ తగదు. ప్రమాదం జరిగితే 48 గంటల్లోగా డిజిటల్ స్కై ద్వారా తెలపాలి. వరద సమయంలో తన డ్రోన్‌తో సాయపడాలనుకునే వ్యక్తి సొంతంగా ఎగరేయకుండా కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌కు పేరు ఇచ్చి, వారు చెప్పిన చోట, చెప్పిన ఎత్తులో, చెప్పిన గంటలోనే ఎగరేయాలి.