మెదడా, వెన్నుపామా, నరమా?

కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీద నుంచి పడినవారిని కోనసీమ నుంచి తెచ్చినప్పుడు ఇంటివారు ముందుగా అడిగేది, "సిస్టర్, నరం ఎప్పటికి అతుక్కుంటుంది?" అని. దెబ్బ ఎక్కడ తగిలిందన్న దాన్నిబట్టి జవాబు మారుతుంది.

మెదడులో ఎడమవైపు దెబ్బతింటే కుడి కాలు, కుడి చెయ్యి పడిపోతాయి. మాట కూడా తడబడవచ్చు. వెన్నుపాము చిటికెనవేలంత లావు, సుమారు 45 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. దాని నుంచి 31 జతల నరాలు బయలుదేరతాయి. వీపు మధ్యలో అది బాగా నలిగితే రెండు కాళ్లూ, మలమూత్రాల మీద అదుపూ పోతాయి. మాట, తెలివి మామూలుగానే ఉంటాయి. కాబట్టి మంచం పక్కన నిలబడి, ఆయన విననట్టు మాట్లాడుకోకండి.

చేతిలో నరం తెగితే దాన్ని కలిపి కుడతారు. అది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. పూర్తిగా తెగిన వెన్నుపాము అలా పెరగదు. బలం ఇంజక్షన్లు దాన్ని అతికించవు. కొంతే నలిగితే మాత్రం కొంత కోలుకోవచ్చు.

ఆ మిగిలినది దారిలో పోకూడదు. పడినవారిని లేపి కూర్చోబెట్టకండి, బైకు మీద ఎక్కించకండి. 108కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా కదపకుండా ఉంచండి. కదపక తప్పకపోతే నలుగురు కలిసి తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉంచి బల్ల మీదకు మార్చండి.

వార్డులో 2 గంటలకోసారి పక్కకు తిప్పండి, లేకపోతే పుండ్లు పడతాయి. కాళ్లు చల్లగా ఉన్నాయని వేడినీళ్ల సీసా పెట్టకండి. కాలుతున్నా ఆయనకు తెలియదు.